నీరటోళ్ల పిలగాడు – 11: రెండు తూముల కత



పోయిన భాగం హుజూర్‌నగర్ ఎస్సీ హాస్టల్ నుంచి హైదరాబాద్ బస్సెక్కిన కాడ ఆపిన. నడుమ నాలుగేండ్ల ఇంజనీరింగ్ ముచ్చట ఇంకోసారి చెప్త. ఇయ్యాల 2018లో ఒక శనివారం రాత్రి సంగతి రాస్త. ఇది ఇంతకుముందు రెండుసార్లు రాసి తీసేసిన. ఎందుకంటే ఇందులో కొంత తప్పు నాది. మనోళ్ల మీద వేలెత్తెటోళ్లు ఎట్లాగూ ఉన్నరు, మనమే ఎందుకు ఎత్తి చూపించుకోవాలె అనిపించింది. కానీ నా తప్పు దాచిపెట్టి అవతలోడి తప్పు ఒక్కటే చెప్తే దాన్ని సాక్ష్యం అనరు.

ముందు కొంచెం యంత్రం గురించి చెప్పాలె. ఓపిక పట్టున్రి, ఇది తెలియకుంటే తర్వాతది తెల్వదు.

మామూలు సర్వర్ సొంత ఇల్లు ఉన్నోడి లెక్క. దాని కరెంటు దానిదే, దాని ఫ్యాన్లు దానివే. బ్లేడ్ సర్వర్ హాస్టల్ పిలగాడు. పలుచగ, పొడుగ్గ ఉంటది. దానికి సొంతంగ పవర్ సప్లై లేదు, ఫ్యాన్ లేదు. ఒక పెద్ద ఇనుప పెట్టెలో గూళ్లు ఉంటయి, ఒక్కో గూట్లోకి ఒక్కో బ్లేడ్‌ను తోస్తరు. తిండి, గాలి, బయటికి పోయే తొవ్వ అన్నీ ఆ పెట్టె ఇయ్యాలె. ఆ పెట్టెను ఛాసిస్ అంటరు, ఎన్‌క్లోజర్ అని కూడా అంటరు. మేము చూసుకున్నది హెచ్‌పీ వాళ్ల సీ7000. 2006లో వచ్చిన మోడల్, లోకమంతా డేటా సెంటర్లలో కనపడ్డది. మూరెడు ఎత్తు ఉంటది. ముందు దిక్కు 16 బ్లేడ్లు, వాటి కింద 6 పవర్ సప్లైలు, వెనుక దిక్కు 10 ఫ్యాన్లు, నెట్‌వర్క్ స్విచ్‌లకు 8 గూళ్లు. అన్నీ నింపితే నలుగురు పట్టినా లేవది.

ఆ పెట్టె వెనుక రెండు చిన్న కార్డులు ఉంటయి. ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్, మేము ఓఏ అంటుంటిమి. ఒకటి పని చేస్తది, ఇంకోటి దాని పక్కన నిలబడి ఉంటది, మొదటిది పడిపోతే అందుకుంటది. పెట్టె అంతటికి పెత్తనం దీనిదే. బ్లేడ్‌ను గూట్లోకి తొయ్యంగనే అది లేవదు. బ్లేడ్ లోపల ఐలో అని ఒక చిన్న కంప్యూటర్ ఉంటది. అది ఓఏను అడుగుతది: నాకు ఇన్ని వాట్లు కావాలె, లేవనా? ఓఏ లెక్క చూసుకొని ఊ అంటేనే బ్లేడ్ లేస్తది. లెక్క సరిపోకపోతే అట్లనే గూట్లో చీకట్ల కూసుంటది.

ఇది ట్రైనింగ్‌లో విన్ననాడు నాకు మా తాత యాదికొచ్చిండు.

మా తాత నీరటి. ఈ తరం పిల్లలకు ఆ మాట తెల్వకపోవచ్చు. చెరువు తూము తీసుడు, మూసుడు, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాల్నో చూసుడు, గండి పడితే ముందుగాల ఉరుకుడు, అది నీరటి పని. మా ఇంటోళ్లది తరాల నుంచి అదే పని. తూము ఆయన చేతిలో ఉండె గానీ ఆ చెరువు కింద ఆయనకు గుంట భూమి లేకుండె. పంట కల్లం కాడ ఒక్కొక్కరు పెట్టే గింజలే జీతం. ఊరంతా పండే నీళ్లను పంచినోడి ఇంట్ల ఎండాకాలం గటక కూడా లేని రోజులు ఉండెనని అమ్మ చెప్తది.

తర్వాత సాగర్ వచ్చింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండు, 1967లో కాల్వలకు నీళ్లు ఇడిసిన్రు. మాది ఎడమ కాల్వ కింద. దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన్రు గానీ మా దిక్కు ఎవ్వరూ ఆ పేరుతో పిల్వరు. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ చుట్టుముట్టు వరి, రైస్ మిల్లులు, మిల్లుల చుట్టూ పెరిగిన పెద్ద ఇండ్లు, అన్నీ ఆ నీళ్ల మీద లేచినయే. మా నాయిన ఆ కాల్వ మీద లష్కర్ పని చేసిండు, రోజు కూలి మీద. నీళ్లు తక్కువైన ఏడు వారబందీ పెట్టేది. ఇన్ని రోజులు ఈ మేజర్‌కు, ఇన్ని రోజులు ఆ మేజర్‌కు. కాయితం మీద సక్కగ ఉండేది. రాత్రి పూట షట్టర్ ఎవరు లేపేటోళ్లో మా నాయినకు తెలుసు, చెప్పే ధైర్యం లేకుండె. మా ఊరు ఒక మైనర్ చివర ఉంటది. కాయితంలో నీళ్లు ఉన్న చాలా రోజులు మా కాడ కాల్వ ఎండి ఉండేది.

ఈ మాట చెప్పేటప్పుడు ఒకటి చెప్పకుండ ఉండలేను. నీళ్లు, కరెంటు అంటే మనకు సంబంధం లేని ఇంజనీర్ల యవ్వారం అనుకునే మనోళ్లు చాలామంది ఉన్నరు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గ ఉన్నది బాబాసాహెబ్. నీటిపారుదల, కరెంటు ఆయన చేతిలోనే ఉండె. సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు ఆయన కాలంలోనే పెట్టిన్రు. కరెంటును ఎట్ల పుట్టియ్యాలె, ఎట్ల పంచాలె అన్నది ఆయన కూసొని ఆలోచించిన పని. విగ్రహం చేతిలో పుస్తకం ఒక్కటే చూస్తున్నం మనం.

సరే, పెట్టె కాడికి వస్త.

ఆరు పవర్ సప్లైలు అన్న గద. మా దాంట్ల ఒక్కోటి 2400 వాట్లది. వీటిని ఎట్ల వాడుకోవాల్నో ఓఏలో ఒక సెట్టింగ్ ఉంటది. మొదటి పద్ధతిలో మూడు సప్లైలు ఒక కరెంటు లైనుకు, మూడు ఇంకో లైనుకు. ఏ ఫీడ్, బీ ఫీడ్ అంటరు. రెండు తూములు అనుకోన్రి. ఒక తూము మొత్తం మూసుకుపోయినా ఇంకోటి పెట్టెను బతికియ్యాలె. అందుకే ఆరు ఉన్నా ఓఏ మూడింటి లెక్కనే పంచుతది: 7200 వాట్లు. మిగతా సగం ఆపతికి దాసిపెట్టిన గింజలు. రెండో పద్ధతిలో ఆరిట్ల ఒక్కటే దాసిపెడ్తది, ఐదింటిని పంచుతది: 12000 వాట్లు. ఒక సప్లై కాలిపోతే ఏం కాదు. కానీ ఒక ఫీడ్ మొత్తం పోతే, అప్పుడు పెట్టె తాగేది 7200 దాటి ఉంటే, మిగిలిన మూడు మొయ్యలేవు. పెట్టె మొత్తం పడ్తది.

రెండు పద్ధతులకు నడుమ తేడా స్క్రీన్ మీద ఒక గుండ్రం బొత్తాం నొక్కుడు. నొక్కిన్నాడు ఏం కాదు. అన్ని లైట్లు పచ్చగనే ఉంటయి. అదే దీంట్ల భయమైన సంగతి.

ఇగ ఫర్మ్‌వేర్. కంప్యూటర్ లేవంగనే విండోసో లినక్సో రాకముందు, దాని చిప్‌లోనే రాసిపెట్టి ఉన్న మాటలు నడుస్తయి. ఓఏకు ఒకటి, ఐలోకు ఒకటి, బ్లేడ్‌కు ఒకటి, స్విచ్‌లకు ఒకటి. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసే వెర్షన్లు ఉండాలె. కులం మన సమాజపు ఫర్మ్‌వేర్ అని ఈ మధ్య చాలామంది మిత్రులు రాస్తున్నరు. ఆ పోలిక నాకు నచ్చదు. ఎందుకో చెప్త. 2017లో ఐలో 4లో ఒక పెద్ద లోపం బయటపడ్డది. 2.53 కంటే ముందటి వెర్షన్లు అన్నిట్ల ఉండె. పాస్‌వర్డ్ లేకుండ, నెట్‌వర్క్ మీద ఒక చిన్న అభ్యర్థనలో ఏ అనే ఇంగ్లీష్ అక్షరాన్ని 29 సార్లు రాసి పంపితే తలుపు తెరుసుకునేది. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. పరిశోధకులు దాన్ని కనిపెట్టి చెప్పిన్రు, తయారు చేసినోళ్లు అవును లోపం ఉన్నది అని ఒప్పుకొని, సరిచేసిన వెర్షన్ ఇచ్చి, అందరూ మార్చుకోన్రి అని నోటీసు రాసిన్రు. కులం పెట్టినోళ్లు ఎన్నడన్న ఇట్ల ఒప్పుకొని నోటీసు రాసిన్రా? అందుకే ఫర్మ్‌వేర్‌ను ఊకె అవమానించకున్రి.

ఆ లోపం కోసమే మా పని మొదలైంది. 2018 ఎండాకాలం పోయినంక, ఆ 29 అక్షరాల ముచ్చట అందరికీ తెలిసినంక, మా కస్టమర్ భయపడ్డడు. అన్ని ఛాసిస్‌ల ఫర్మ్‌వేర్ మార్చమన్నడు. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఐదేండ్ల నుంచి రాత్రి డ్యూటీలు చేస్తున్న. పేరు రాయను, పేరు ముఖ్యం కాదు, మీలో చాలామంది పనిచేసినవి అసొంటియే. మా లీడ్ బాగా చదువుకున్నోడు, ఇంగ్లీష్ గలగల మాట్లాడేటోడు, నాతోని ఎన్నడూ గట్టిగ కూడ మాట్లాడలే. క్యాంటీన్‌లో నా టేబుల్ కాడికి ఎన్నడూ రాకపోయేది. అది నేను లెక్కపెట్టుకున్న సంగతి, ఆయనకు తెలిసి ఉండది.

ఆ శనివారం రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా మాకు టైం ఇచ్చిన్రు. ఛాసిస్ కాడ నేనొక్కణ్ని, లీడ్ ఇంటి నుంచి ఫోన్‌లో. పని మొదలుపెట్టే ముందు నాకొక అలవాటు ఉండె. ఓఏలోకి పోయి షో ఆల్ అని కమాండ్ కొడ్త. పెట్టెలో ఉన్నదంతా, సీరియల్ నంబర్ల నుంచి సిస్‌లాగ్ దాకా, పేజీలకు పేజీలు వస్తది. దాన్ని ఫైల్ చేసి తేదీ పెట్టి దాసుకుంట. ఆ రాత్రి కూడ 11:10కి దాసుకున్న.

దాసుకున్న, చదవలే. నా తప్పుల్లో ఇది ఒకటోది.

ముందుగాల ఓఏ ఫర్మ్‌వేర్. అది రీసెట్ అయ్యేటప్పుడు పెత్తనం చేసేటోడు లేడని పది ఫ్యాన్లు ఒక్కసారి పూర్తి జోరు అందుకుంటయి. మొదటిసారి విన్నోడు విమానం లేసిందనుకొని ఉరుకుతడు. నాకు అలవాటే. రెండు నిమిషాలకు ఓఏ లేచింది, ఫ్యాన్లు సల్లబడ్డయి. తర్వాత ఐలోలు. తర్వాత బ్లేడ్ల రామ్, అంటే బ్లేడ్ లేసేటప్పుడు మొదట నడిచే ముక్క. అది రాసినంక బ్లేడ్‌ను రీబూట్ చెయ్యాలె, అప్పుడే కొత్తది పట్టుకుంటది. ప్లాన్‌లో నాలుగు నాలుగు బ్లేడ్లు అని రాసి ఉన్నది. అప్పటికి రెండున్నర అయ్యింది. లీడ్ ఫోన్‌లో, "అన్నీ ఒకేసారి కొట్టెయ్, లేట్ అవుతోంది" అన్నడు. నేను కొట్టిన. రెండో తప్పు. ప్లాన్ నా చేతిలో ఉన్నది, వద్దు సార్ అనొచ్చు. అనలే. రెండున్నరకు ఫోన్‌లో సార్ చెప్తే వద్దు అనే అలవాటు మా ఇంట్ల ఎవరికీ లేకుండె.

పదహారు బ్లేడ్లు ఒక్కసారి లేసుడు మొదలుపెట్టినయి. లేసేటప్పుడు బ్లేడ్ కడుపునిండ తింటది. సరిగ్గ అప్పుడే, కింద ఎలక్ట్రికల్ టీం ఏ ఫీడ్ యూపీఎస్ మీద పని కోసం లైన్ బంద్ చేసిన్రు. అది వాళ్ల షెడ్యూల్‌లో ఉన్నదే, మాకు చెప్పిందే. రెండు తూములు ఉన్నయి గద, ఒకటి మూస్తే ఏమైతది అని అందరి నమ్మకం.

పెట్టె సప్పుడు ఆగిపోయింది.

డేటా సెంటర్‌లో పని చేసినోళ్లకు ఆ నిశ్శబ్దం తెలుస్తది. పక్క రాక్‌లు మోగుతనే ఉంటయి, కానీ నీ ముందున్నది మోగదు. పదహారు పచ్చలైట్లు ఆరిపోయినయి. ఆ బ్లేడ్ల మీద ఎవరెవరి పనులు నడుస్తున్నయో తల్చుకుంటే నా కాళ్లు వణికినయి. ఎలక్ట్రికల్ వాళ్లకు ఫోన్ చేసి ఏ ఫీడ్ ఎక్కియ్యమన్న. లైన్ వచ్చినంక ఓఏ లేచింది, ఒక్కొక్క బ్లేడ్‌కు ఊ అన్నది. ఈసారి నాలుగు నాలుగే లేపిన. అన్నీ లేచేసరికి తెల్లారింది. ఒక డేటాబేస్ మాత్రం ఆదివారం సాయంత్రం దాకా సతాయించింది.

ఐదున్నరకు మెట్ల మీద కూసొని 11:10 నాటి ఫైల్ తెరిసిన. పవర్ మోడ్ కాడ రెండో పద్ధతి ఉన్నది. మార్చ్‌లో నేనే దాసుకున్న ఫైల్ తెరిసిన, దాంట్ల మొదటి పద్ధతి. నడుమ ఎవరో మార్చిన్రు. సిస్‌లాగ్ కిందికి కిందికి పోయిన. మే నెలలో రెండు కొత్త బ్లేడ్లు పెట్టిన్రు. అప్పటికి పద్నాలుగు బ్లేడ్లు, ఒక్కోటి నాలుగు వందల పైన వాట్లు, ఫ్యాన్లు స్విచ్‌లు కలిపితే లెక్క ఏడువేల అంచుకు వచ్చింది. పదిహేనో బ్లేడ్ అడిగితే ఓఏ లేదు పో అన్నది. న్యాయంగ చెప్పింది. అప్పుడు ఒకరు అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో వచ్చి గుండ్రం బొత్తాం మార్చి ఆ రెండింటిని లేపిన్రు. ఆ లాగిన్ అందరిది, పేరు ఉండదు. కానీ ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చిన్రో లాగ్ రాసుకుంటది. ఆ అడ్రస్ మా లీడ్ కుర్చీ ముందున్న కంప్యూటర్‌ది. మార్పుకు టికెట్ లేదు.

ఆ రెండు బ్లేడ్లను పక్క ఛాసిస్‌లో పెడితే అయిపోయేది. లేదా పవర్ క్యాప్ పెట్టొచ్చు, అంటే అందరికీ కొంత కొంత కోసి అందరినీ బతికిచ్చుడు, నిజమైన వారబందీ. అవి చెయ్యాలంటే ఇంకొకల్లను అడగాలె, రాయాలె, ఆగాలె. బొత్తాం నొక్కుడు సులువు.

సోమవారం మీటింగ్. పది మంది. లీడ్ నా దిక్కు చూడకుండ, "బేసిక్స్ లేకుండా వచ్చిన వాళ్లకు అడ్మిన్ లాగిన్ ఇస్తే ఇదే అవుతుంది" అన్నడు. ఇంకొకాయన నవ్వి, "సీట్లు ఎట్లా వచ్చాయో తెలుసుగా" అన్నడు. ప్రైవేట్ కంపెనీలో రిజర్వేషన్ ఎక్కడిది మిత్రులారా? రాతపరీక్ష రాసి, మూడు ఇంటర్వ్యూలు దాటి వచ్చిన. కానీ కాలేజీలో సీటు ఎట్ల వచ్చిందన్నది నా మెడల బిళ్ల లెక్క ఏలాడుతనే ఉన్నది. బొత్తాం నొక్కినాయనకు బేసిక్స్ ఉన్నయా అని ఎవరూ అడగలే.

ఆ గదిలో నాకు ఒక సంగతి యాదికొచ్చింది. నేను పుట్టకముందుది. ఒక ఏడు చెరువు సగమే నిండింది. ఒక రాత్రి ఎవరో తూము లేపి పెద్ద కమతానికి నీళ్లు మలుపుకున్నరు. పొద్దున చూస్తే కింది మడులు ఎండినయి. ఎవరు లేపిన్రో ఊరంతటికి తెలుసు. చావిడి కాడ ఎండల నిలబెట్టింది మాత్రం మా తాతను. తూము నీ చేతిల ఉన్నది గదరా అన్నరు. పొద్దు గూకే దాకా నిలబెట్టిన్రు. ఆ ఏడు కల్లం గింజలు ఇయ్యలే. తాత దగ్గర ఏమున్నది చూపించడానికి? తూము లాగ్ రాయదు.

నేను ఆరు పేజీలు ప్రింట్ తీసుకొని పోయి ఉన్న. మార్చ్ ఫైల్, మే లాగ్, శనివారం ఫైల్. టేబుల్ మీద పెట్టిన. ముందుగాల నా తప్పులు చెప్పిన: ఫైల్ దాసి చదవలే, ప్లాన్‌లో నాలుగు అని ఉంటే పదహారు కొట్టిన. తర్వాత ఐపీ అడ్రస్ కింద పెన్సిల్‌తో గీత గీసి చూపించిన. నా గొంతు వణికింది. ఇంగ్లీష్ మధ్యలో తెలుగు వచ్చింది, తెలుగులో మా హుజూర్‌నగర్ వచ్చింది. ఒకరు కాయితం తీసుకొని చాలాసేపు చూసిన్రు. లీడ్, "ఆ మార్పు తాత్కాలికంగా చేసిందే, మళ్లీ మార్చాల్సింది" అన్నడు. ఎవరు మళ్లీ మార్చాల్సింది అన్నది చెప్పలే.

సినిమాలో అయితే ఆయన ఉద్యోగం పోవాలె. ఏం పోలే. రిపోర్ట్‌లో ప్రాసెస్ లోపం అని రాసిన్రు. నా పేరు రాయలే, ఆయన పేరు రాయలే. ఎవరి పేరూ రాయకుండ ఉండుడే నాకు దక్కిన గెలుపు. పవర్ మోడ్ మొదటి పద్ధతికి మార్చిన్రు, రెండు బ్లేడ్లు పక్క పెట్టెకు పోయినయి, ఒక్కొక్కరికి సొంత లాగిన్ ఇచ్చిన్రు. నన్ను ఇంకో షిఫ్ట్‌కు వేసిన్రు. ఆరు నెలలకు నేనే మానేసిన. అది వాళ్ల మీద కోపంతో అంటే అబద్ధం, అప్పటికే సంఘం పనిలో పడ్డ, రెండూ కుదరలే.

ఆ ఆరు పేజీలు నా దగ్గర లేవు, కంపెనీ కాయితాలు కంపెనీలోనే ఇడిసిపెట్టి వచ్చిన. ఆ సంక్రాంతికి ఇంటికి పోయి మా నాయినకు ఈ కతంతా చెప్పిన. ఆయనకు బ్లేడ్లు తెల్వవు, ఫీడ్లు తెల్వవు. బాయి కాడికి ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది గద, ఇగ అర్ధరాత్రి మోటర్ పెట్టబోయే బాధ తప్పింది అన్న సంతోషంలో ఉన్నడు. అంతా విని ఒక్కటే అడిగిండు: "అయితే తూము ఎవరు లేపిన్రో ఆ పెట్టెనే రాసుకుంటదారా?" రాసుకుంటది నాయినా అన్న. చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత లేచి బర్రెకు గడ్డి ఏసిండు.

పోయిన నెల కోదాడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. హాస్టల్‌లోనే చదివినోడు, డేటా సెంటర్‌లో కొత్త కొలువు, మొదటి రోజు. "అన్నా, పోంగనే ఏం చూడాలె?" అన్నడు. పవర్ సప్లైల వైర్లు ఏ ఫీడ్‌కు పోతున్నయో చేత్తో పట్టుకొని చివరి దాకా చూడు, లేబుల్‌ను నమ్మకు అన్న. తర్వాత పవర్ మోడ్ ఏముందో చూసి నోట్‌బుక్‌లో తేదీ ఏసి రాసుకో. రాసుకొని చదువు.

"లాగిన్ ఇంకా ఇయ్యలే అన్నా. వేరేటోళ్ల లాగిన్‌తో చూసుకో అంటున్నరు."

వద్దు తమ్మీ, నీ పేరు మీద ఇచ్చేదాకా కూసో అన్న.

(ఇంకా ఉంది)